చెట్టుమీంచి పడ్డవాడికి పసుపు పట్టీ

పోయిన వారం భీముడి చేతుల్ని దుప్పటి కింద వదిలేసి వెళ్లాం. అవి ఇంకా అక్కడే ఉన్నాయి.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పాలి. భీముడు జి.మాడుగుల పైన కొండవాలులో ఒక చిన్న ఊరివాడు. జీలుగు చెట్టెక్కి కల్లు దించడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ముసలితనం వచ్చినా కుండ వదల్లేదు. ఆఖరికి ఆ చెట్టుమీంచే పడ్డాడని ఊరంతా చెప్పుకుంది. తుంటి విరిగింది. విశాఖలో రాడ్డు వేసి, కుట్లు ఎండాక కొండమీది ఆసుపత్రికి పంపేశారు. అక్కడ మగాళ్ల వార్డు చివర మూడు మంచాల చిన్న గది. కిటికీ పక్క మంచం భీముడిది. మంచం కింద చాప సోములమ్మది. సోములమ్మ అతని ఆలు.

పంపేటప్పుడు విశాఖ డాక్టరు ఒక మాటన్నాడు. "ఇంకోసారి పడితే ఇక నడక ఉండదు. పడకుండా చూసుకోండి." ఆ మాట భీముడికి వినబడలేదు. వినకూడదనుకున్న మాటలు అతనికి వినబడవు. సోములమ్మకి వినబడింది. అప్పట్నుంచి ఆమె నిద్రలో కూడా ఒక చెయ్యి మంచంకోడు మీద వేసే పడుకుంటోంది.

ఈ పొద్దున నర్సు కృపావతి పసుపు పట్టీ పట్టుకుని వచ్చింది. భీముడు చేతులు రెండూ దుప్పటి కిందకి తోసేశాడు. అక్కడ ఆగాం.

పట్టీ అంటే పెద్ద వస్తువేం కాదు. మణికట్టుకి చుట్టే ప్లాస్టిక్ ముక్క. పడే భయం ఉన్న ముసలివాళ్లకి పసుపు రంగుది వేస్తారు. ఆ రంగు కనబడితే నర్సయినా, ఊడ్చే మనిషయినా, పక్క మంచం చుట్టమయినా సరే పరిగెత్తుకొచ్చి చెయ్యి అందించాలి. పట్టీ ఉన్న మనిషి ఒంటరిగా మంచం దిగకూడదు. అంతే సంగతి.

"తాతా, చెయ్యి ఇలా ఇయ్యి" అంది కృపావతి.

"ఏ సెయ్యి?"

"ఏదైనా పర్లేదు."

"రెండూ పనిలో ఉన్నాయి."

"దుప్పటి కింద పనేంటి తాతా?"

"గోక్కుంతన్నాను."

కృపావతి అరకు వైపు కొండపిల్లే. చర్చికి పోయే ఇంటిది. ముసలివాళ్లతో ఓపిక ఎక్కువ. పట్టీని వేలికి చుట్టుకుని, మంచం అంచున కూర్చుంది.

"తాతా, ఇది ఎందుకంటే, నువ్వు మళ్లీ పడకుండా."

"నానెక్కణ్ణుంచి పడ్డాను?" అన్నాడు భీముడు.

"చెట్టుమీంచి."

"ఈ గదిలో సెట్టుందా?"

కృపావతికి తెలియకుండానే చూపు ఒకసారి గదంతా తిరిగొచ్చింది. "లేదు."

"మరి నానెక్కణ్ణుంచి పడతాను?"

పక్క మంచం మీద వరహాలరావు తొడమీద చరుచుకున్నాడు. "అద్దీ! లాయరు కూడా అలా అడగలేడు సిస్టరమ్మా. జవాబు సెప్పు సూద్దాం."

వరహాలరావు మైదానం మనిషి. ఎన్నాళ్ల కిందటో కొండెక్కి, సంతలో కొట్టు పెట్టాడు. కాఫీ గింజలూ మిరియాలూ కొంటాడు, ఉప్పూ సబ్బులూ అమ్ముతాడు. కాలికి షుగరు పుండు పడి చేరాడు. వయసులో భీముడికి తీసిపోడు గాని, గోచీ బిగించి గదంతా తిరిగే రకం. చేరిన రోజున కృపావతి అతన్నీ అడిగింది, ఈమధ్య ఎక్కడైనా పడ్డారా బాబాయ్ అని. "నాను పడ్లేదు. కాఫీ రేటు పడింది" అన్నాడు. నవ్వులో పట్టీ సంగతి మరుగునపడింది.

ఆ గదిలో చదువొచ్చినవాడు అతనొక్కడే. కృపావతి గోడమీద పెద్ద అక్షరాలతో "పడక జాగ్రత్త" అని రాసి అంటిస్తే, అందరికీ చదివి వినిపించింది అతనే. "పడక జాగర్తంట. అంటే మంచం జాగర్త. ఇక్కడ మంచాల కాడ దొంగలున్నారు గావాల" అన్నాడు. ఆ పూటే తన సంచీని మంచంకోడుకి ముడి మీద ముడి వేసి కట్టాడు. సోములమ్మ మూట కట్టేసింది. మూలమంచం మల్లేశు తన చేతికర్రనే మంచానికి కట్టేసుకున్నాడు. లేవాల్సొచ్చినప్పుడల్లా ఆ ముడి విప్పుకోలేక నానా అవస్థ పడతాడు. ఈ గదివాళ్లు అన్నీ ఎందుకు కట్టేస్తున్నారో కృపావతికి ఇప్పటికీ అంతు పట్టలేదు.

మల్లేశు మోకాలికి కట్టుంది. చేతికి పసుపు పట్టీ ఉంది. చేరిన రోజునే నవ్వుతూ వేయించుకున్నాడు. సోములమ్మకి తమ్ముడి వరస. అంటే భీముడికి బావమరిది. అక్కడే వచ్చింది చిక్కు.

"బావా, లాయరు మాటలు వొగ్గీ" అన్నాడు మల్లేశు. "నీ బయ్యం నాకు తెల్సు. అది పట్టీ అని కాదు. పసుపని."

"నువ్వూరుకో."

"సిస్టరమ్మా, సెయ్యి లాగి కట్టీ. పసుపు పడితే మాకు విందు!"

"విందేంటి?" అంది కృపావతి.

విందు సంగతి ఇది. వాళ్ల ఊళ్లలో పిల్లా పిల్లడూ మాట అనుకుని రాత్రికి రాత్రి లేచిపోయి కాపురం పెట్టేయడం తప్పు కాదు. చాలా కాపురాలు అలాగే మొదలవుతాయి. ఊరికి విందు పెట్టకపోవడం తప్పు. పందిని కోసి, అన్నం వండి, కుండల కొద్దీ కల్లు పోసి, పిల్లవైపువాళ్లని కూర్చోబెట్టిన రోజునే ఇద్దరి చేతులకీ పసుపు కడతారు. కూలికీ నాలికీ వీలు కాక ఏళ్లు గడిచిపోతుంటాయి. మనవలు పుట్టాక పసుపు కట్టించుకున్న జంటలున్నాయి. మనవలకి పెళ్లిళ్లయినా కట్టించుకోని జంట ఒక్కటే. అది భీముడూ సోములమ్మాను. ప్రతి ఏడూ అతను "పంట రానీ" అనేవాడు. పంట వచ్చేది. "వచ్చే పంట రానీ" అనేవాడు.

"ఆసుపత్రి పసుపైనా పసుపే" అన్నాడు మల్లేశు. "నాకైతే విందైపోయింది, కట్టించుకున్నాను. బావ సేతికి పసుపు పడితే మా ఊరికి కబురెల్లిపోద్ది. ఇంక తప్పదు."

కృపావతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "తాతా, ఇందుకా!"

"నాను సెట్టుమీంచి పడ్డోణ్ణి" అన్నాడు భీముడు మొండిగా. "సెట్టుమీంచి పడ్డోడికి పసుపెందుకు?"

సోములమ్మ ఇంతసేపూ చాపమీద కూర్చుని మూటముడి సర్దుకుంటోంది. విందు గురించి ఆమె నోరెత్తి ఎన్నడూ అడగలేదు. ఇప్పుడూ అడగాలనుకోలేదు. నోరే అడిగేసింది.

"అదేటి సిస్టరమ్మా. నాకు కట్టకుండా ఈ ముసిలోడికి ఒక్కడికే ఎలా కడతావు?"

"నీకెందుకు మామ్మా? నువ్వు పడలేదు కదా."

"నానెప్పుడో పడ్డాను. ఈయన బుట్టలో."

వరహాలరావు పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే గుప్పిట్లోది ఏదో నోట్లో వేసుకుని, చెంబెత్తి నీళ్లు తాగాడు. వేసుకునే ముందు అది వేళ్ల మధ్య ఎర్రగా మెరిసింది. పొద్దుటి మాత్రలు కృపావతి ఎప్పుడో ఇచ్చేసింది కదా, ఈయన ఇప్పుడు మింగడమేమిటని సోములమ్మకి ఒక్క క్షణం అనిపించింది. పెద్దవాళ్ల సంగతి మనకెందుకని ఊరుకుంది.

కృపావతి లేచి నిలబడింది. "సరే. పట్టీ సంగతి తరవాత చూద్దాం. తాతా, ఈరోజు నిన్ను లేపి నిలబెట్టమన్నారు డాక్టరుగారు." బయటికి వెళ్లి, నాలుగు కాళ్ల వాకరు పట్టుకొచ్చి మంచం పక్కన పెట్టింది. గుమ్మం దగ్గర కనక తడిచీపురుతో కనబడింది. ఊడ్చి కడిగే మనిషి. "నడవా చివర బాత్రూం కడిగాను, ఫినాయిలు పోసాను. ఆరీదాకా ఎవులూ ఎల్లకండి, కాలు జర్రుమంటాది" అని కేకేసి పోయింది.

"తాతా, ఒక్కటడుగుతాను. నిజం చెప్పాలి" అంది కృపావతి. "లేచినప్పుడు కళ్లు తిరుగుతాయా?"

"నాకా?"

"నీకే."

"జీలుగు కొసన నిలబడి ఊరిని సూసినోణ్ణి. ఊరు తిరిగేది. నా కళ్లు తిరగలేదు."

"ఎప్పుడూ తిరగలేదా? పొద్దున్నే లేచేటప్పుడు గాని, కూర్చుని లేచేటప్పుడు గాని?"

"లేదంతన్నాను కాదేటి. తే ఆ బండి. నడిసి సూపిత్తాను."

వాకరుని అతను బండి అంటాడు. దుప్పటి తన్నేసి, మంచికాలు కిందకి జార్చబోయాడు.

సోములమ్మ మంచంకోడు గట్టిగా పట్టుకుంది. ఆమె దగ్గర ఒక నిజం ఉంది. దాన్ని ఒట్టు పెట్టి కుట్టేశారు. తుంటి విరిగిన రోజున భీముడు ఆమె చేత కొండదేవత మీద ఒట్టేయించుకున్నాడు. దేవతకి కోపమొస్తే పంట పోతుంది, పశువు పోతుంది. ఒట్టు తప్పకపోతే ఇప్పుడు, ఈ గచ్చునేల మీద, ఆమె కళ్లముందే మొగుడు పోతాడు. ఏ మాట మీద ఒట్టేసిందో దాన్ని ఒక్కో ముక్కే గుర్తు చేసుకుంది. "ఏ మనిషికీ సెప్పను." అదీ మాట. ఏ మనిషికీ.

మంచం తలవైపు సెలైను సీసా తగిలించే ఇనపకర్ర ఖాళీగా నిలబడి ఉంది. సోములమ్మ లేచి, మోకాళ్లు పట్టుకుంటూ దాని దగ్గరికి వెళ్లి, కొంగు నిండుగా కప్పుకుని నిలబడింది.

"ఓ ఇనపకర్రా" అంది. "నీకొక సంగతి సెప్తన్నాను, ఇనుకో."

భీముడి కాలు మంచం అంచున ఆగిపోయింది. "ఓలే సోములూ!"

"ఈ ముసిలోడు సెట్టుమీంచి పడ్లేదు."

మల్లేశు మోచేతుల మీద పైకి లేచాడు.

"పొద్దున్నే సాపమీద తొంగున్నాడు. సేటలో సోళ్లు పోసి ఉన్నాయి. కోడి వొచ్చి తింతంది. ఈ ముసిలోడు ఉస్సుమని బేగి లెగిసాడు, దాన్ని తోలడానికి. లెగిసినోడు లెగిసినట్టే కళ్లు తిరిగి పొయ్యికాడ బోర్లా పడ్డాడు. అదొక్కనాడే కాదు, దానికి ముందు కూడా లెగిసినప్పుడల్లా గోడ పట్టుకునేవోడు. గోడ పడిపోద్దని పట్టుకుంతన్నానని నాకు సెప్పీవోడు."

"ఒట్టు! ఓలే, ఒట్టు!"

"నాను ఊరిని కేకేత్తానన్నాను. నోరు ముయ్యమన్నాడు. 'ముందు నన్ను సెట్టుకిందకి ఈడు, తరవాత కేకెయ్యి' అన్నాడు. విరిగిన తుంటితో ఉన్నోణ్ణి, ఏడుత్తా, సాప పట్టి పెరట్లోకి ఈడిసాను. సెట్టుకింద పడుకోబెడితే 'ఇలాక్కాదు, కాలు ఇటు పెట్టు, పడ్డట్టుండాల' అన్నాడు. కల్లుకుండ తెచ్చి పక్కన పగలగొట్టమన్నాడు. పగలగొట్టబోతే, 'ఉండు, అందులో ఏటైనా ఉందేటో సూడు' అన్నాడు. ఉంది. తాగాడు. అప్పుడు పగలగొట్టమన్నాడు."

ఊపిరి పీల్చుకుని, ఇనపకర్రని ఒకసారి చేత్తో తట్టింది. "అదీ సంగతి. నీ కడుపులో ఉంచుకో."

భీముడు పళ్లు నూరాడు. "ఒట్టు తప్పావే! దేవత ఊరుకోదు!"

"నానేటి సేసాను? సిస్టరమ్మకి సెప్పానా? మా తమ్ముడికి సెప్పానా? ఏ మనిషికీ సెప్పనన్నాను, సెప్పలేదు. ఇనపకర్రకి సెప్పాను. అది ఇంకొకలికి సెప్తే అది దాని బుద్ది."

మొదట నవ్వు పట్టలేకపోయింది మల్లేశు. "కోడా బావా! పుంజా, పెట్టా?"

"పెట్ట" అంది సోములమ్మ, ఇనపకర్ర వైపే చూస్తూ.

ఇంక ఆ గది ఆగలేదు. మల్లేశు కట్టుకాలు పట్టుకుని, నొప్పికి ఒకసారీ నవ్వుకి ఒకసారీ మూలిగాడు. "ఎంత ఎత్తునుంచి పడ్డావు బావా అంటే కొసనుంచి అన్నాడు! మా ఊరోలు వొచ్చి సెట్టుకి దణ్ణం పెట్టీసెల్లారు!" కృపావతి గోడవైపు తిరిగింది. "పడక జాగ్రత్త" అన్న అక్షరాల ముందు ఆమె భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ సందడిలో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ బయటికి పోయిన చప్పుడైంది. ఎవరూ చూడలేదు.

భీముడు మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. కాలు వెనక్కి తీసుకుని, దిండులోకి కుంగిపోయి, కిటికీలోంచి పొగమంచు వైపు చూస్తున్నాడు. ఆ ముఖం చూసేసరికి సోములమ్మకి జీలుగు కొసనుంచి ఆయన నిజంగా పడింది ఇప్పుడేననిపించింది.

కృపావతి ఇటు తిరిగేసరికి ఆమె మొహంలో నవ్వు లేదు. బీపీ మిషను తెచ్చింది. పడుకున్నవాడికి పట్టా చుట్టి చూసింది. తరవాత సోములమ్మని అటువైపు నిలబెట్టి, తను ఇటువైపు పట్టుకుని, మెల్లగా లేపి కాళ్లు కిందకి వేలాడేసి కూర్చోబెట్టింది. మళ్లీ చూడబోయింది. మిషను అంకె చూపించగానే భీముడి వేళ్లు సోములమ్మ భుజంలోకి దిగబడ్డాయి.

"కొండ ఇటు వొంగుతోందేటే" అన్నాడు.

కొండ ఎక్కడిదక్కడే ఉంది. ఇద్దరూ కలిసి అతన్ని వెనక్కి వాల్చి దుప్పటి కప్పారు. మొహమంతా చెమట.

"పడుకున్నప్పుడు ఉన్న బీపీ కూర్చునేసరికి లేదు" అంది కృపావతి. "తాతా, కోడి సంగతి నాకు ముందే తెలిసుంటే ఈ వాకరు ఈరోజు ఇక్కడికి వచ్చేదే కాదు. నీ మాట నమ్మి నిలబెట్టి, ఒక్క క్షణం చెయ్యి వదిలానే అనుకో." మిగతాది చెప్పకుండా వాకరుని గోడవారకి తోసేసింది.

భీముడు చెమట తుడుచుకున్నాడు. "కళ్లు తిరుగుతున్నాయని తెలిత్తే ఊరోలు సెట్టు ఇంకోడికిచ్చేత్తారు సిస్టరమ్మా. సెట్టుమీంచి పడితే మాత్రం, కాలు బాగయ్యాక ఎక్కుతాడులే అని ఉంచుతారు."



అప్పుడు దుప్పటి కదిలింది. కుడిచెయ్యి బయటికి వచ్చింది. వచ్చి, గాల్లో ఆగి, సోములమ్మ వైపు వేలు చూపించింది.

"ముందు దానికి కట్టు" అన్నాడు భీముడు.

"ఇది రోగులకే తాతా. బయటివాళ్లకి వేస్తే నన్నడుగుతారు."

"ఇన్నేళ్లు నాతో కాపరం సేసింది. అది రోగం కాదేటి?"

కృపావతి ఒక్క క్షణం ఆలోచించింది. ట్రే లోంచి గాజుగుడ్డ పొడుగ్గా కత్తిరించి సోములమ్మ చేతిలో పెట్టింది. "ఇది ఉత్త గుడ్డే మామ్మా. దీనికి రూలేం లేదు."

పసుపు పండే కొండ అది. సోములమ్మ మూటలో ఉప్పు లేకపోవచ్చు గాని పసుపుకొమ్ము లేకుండా ఉండదు. మంచంకోడు దగ్గర ముడి విప్పింది. బిగించి కట్టిన ముడి రాలేదు. పళ్లతో లాగింది. కొమ్ము తీసి, చెంబు అడుగున నీళ్లు చల్లి అరగదీసి, గాజుగుడ్డకి రాసింది. గుడ్డ పచ్చగా మెరిసింది. చెయ్యి చాపింది. భీముడు పడుకునే కట్టాడు. ముడి ఒకసారి జారిపోయింది. మళ్లీ కట్టాడు. ఎంతెత్తు చెట్టుకైనా కుండ కట్టిన చేతులకి ఒక గుడ్డముక్క కట్టడానికి అంతసేపు పట్టింది.

"బిగుసుకుందేటి?" అన్నాడు.

"సాల్లే" అంది సోములమ్మ. తల ఎత్తలేదు.

"ఇంక నాకెయ్యి" అని కృపావతి ముందు చెయ్యి పెట్టాడు. ఆమె పట్టీ చుట్టి టక్కున నొక్కింది. మూలమంచం మీద మల్లేశు ఇనపచట్టాన్ని డప్పులా వాయించాడు.

"బావా, విందు!"

"పెడతాను. నాను నడిసిననాడు. పందీ కల్లూ అన్నీ. పడితే మాత్రం నీకేటీ లేదు. ఇంక నన్ను కాపలా కాయి."

అలా ఆ గదిలో భీముడు పడకుండా చూసుకునే బాధ్యత పిల్లవైపువాళ్ల మీద పడింది. పందిమాంసం మీద ఆశ ఉన్నంతకాలం మల్లేశు రెప్ప వేయడు. సోములమ్మ మనసు తేలికపడింది. పచ్చటి మణికట్టుని కొంగులో దాచుకుంది, మళ్లీ బయటికి తీసి చూసుకుంది.

కృపావతి మనసు మాత్రం తేలికపడలేదు. "కళ్లు ఊరికే తిరగవు తాతా. ఇంట్లో ఏం మాత్రలు వేసుకునేవాడివి?"

"బీపీది. సబ్‌సెంటరు వోలిచ్చింది. ఎర్రది."

"అదొక్కటేనా?"

భీముడు ఇనపకర్ర వైపు చూశాడు. అది మళ్లీ వింటుందేమోనని భయపడినట్టు గొంతు తగ్గించాడు. "వరహాలరావు బావు సంతలో ఒకటిచ్చీవోడు. తెల్లది. ఆయనకి ఉచ్చ ఇబ్బందికి డాక్టరు రాసిందంట. రేత్రి పదిసార్లు లెగక్కర్లేదు, ఆయిగా తొంగోవొచ్చంటే తీసుకునీవోణ్ణి. ఊరికినే కాదు. బదులు కల్లు పోసీవోణ్ణి."

"ఆయన మాత్రలు నువ్వు మింగేవాడివా? అవి లేచి నిలబడితే బీపీ దించేస్తాయి తాతా! పైన మళ్లీ నీ బీపీ మాత్ర!" కృపావతి నుదురు కొట్టుకుంది. "ఇక్కడికొచ్చాక మానేశావా?"

భీముడు దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"తాతా."

"ఇక్కడ కల్లేది? ఆయన ఊరికినే ఇవ్వడు. యాపారస్తుడు. అందుకని మార్సుకుంతన్నాం."

"ఏం మార్చుకుంటున్నారు?"

"సంచీలోంచి తెల్లది ఆయన నాకిత్తాడు. నువ్విచ్చిన ఎర్రది నాను ఆయనకిత్తాను."

"నా కళ్లముందే నోట్లో వేసుకున్నావు కదా!"

"బుగ్గలో ఎట్టుకున్నాను. కోతి దాసినట్టు. నువ్వెల్లాక తీసీవోణ్ణి." భీముడికి కొంచెం గర్వం కూడా వచ్చింది. "ఆయనకి నా ఎర్రదంటే మా మోజు. 'మాకు తెల్లటి సిన్నది పడేత్తారు. గిరిజనులకైతే రంగుదీ పెద్దదీ ఇత్తారు. గవర్మెంటు మంచివన్నీ ఏజెన్సీ వోలికే' అంతాడు. బలానికని ఏసుకుంతాడు."

"ఆయనకసలు బీపీయే లేదు!" కృపావతి గొంతు మారింది. "ఈ పొద్దుటిది?"

సోములమ్మ కళ్లముందు వేళ్ల మధ్య మెరిసిన ఎర్రటి చుక్క లేచింది. "ఇందాకనే మింగాడు సిస్టరమ్మా. నాను బుట్టలో పడ్డ మాటకి నవ్వుతున్నప్పుడు. నాను సూసాను." సూసి ఊరుకున్నానన్న మాట మాత్రం బయటపెట్టలేదు.

"తన తెల్లది కూడా వేసుకున్నాడు, నేనే ఇచ్చాను" అంది కృపావతి.

అందరూ ఒక్కసారే పక్క మంచం వైపు తిరిగారు.

మంచం ఖాళీగా ఉంది. దుప్పటి సగం నేలమీదకి జారి ఉంది. కింద చెప్పులు లేవు.

"పడక జాగ్రత్త అని గోడమీద అంతంత అక్షరాలు రాశాను కదా!" అని అరిచింది కృపావతి.

"జాగర్తగానే ఉంది సిస్టరమ్మా" అన్నాడు మల్లేశు కంగారుగా. "సూడు, సంచీ కట్టిందికట్టినట్టే ఉంది." అంటూనే తన చేతికర్ర కోసం వంగాడు. అది మంచానికి కట్టేసి ఉంది. ముడి ఊడిరావడం లేదు.

కృపావతికి ఆ ముడీ, సంచీ ముడీ, గోడమీది అక్షరాలూ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అర్థం చేసుకుని నిలబడే సమయం లేదు. గుమ్మం వైపు పరిగెత్తింది. సోములమ్మ మోకాళ్ల మాట మరిచిపోయి వెనకాలే పరిగెత్తింది.

నడవా అంతా ఫినాయిలు వాసన. ఆ చివర, తడిగచ్చు మీద ఈడ్చుకుపోయిన చెప్పుల గుర్తులు. గుర్తుల పైన, గోడ పొడుగునా, ఆనించి ఆనించి నడిచిన అరచేతి తడిమరకలు. ఆ చేతికి పట్టీ లేదు. చూసినవాళ్లెవరూ ఆపి ఉండరు.

"బాబాయ్! అక్కడే ఆగు! గోడ పట్టుకుని కూర్చుండిపో!" అని కృపావతి కేక పెట్టింది.

బాత్రూం తలుపు నెమ్మదిగా మూసుకుంది. లోపల్నుంచి గడియ పడింది.